మానని పుండుకు ఓజోన్ పెట్టించే ముందు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి నాలుగు నెలలైనా మానడం లేదు. నొప్పి లేదంటారు, అందుకని నడుస్తూనే ఉన్నారు. వేలు తీసేయాల్సి రావచ్చని ఒక సర్జన్ అన్నప్పటి నుంచి ఆయనకు కంటిమీద కునుకు లేదు. తెలిసినవాళ్లు చెబితే ఓజోన్ థెరపీ చేసే చోటికి తీసుకెళ్లాం. కాలికి సంచి కట్టి గ్యాస్ పెడతామన్నారు. దాంతోపాటు రక్తం తీసి, ఓజోన్ కలిపి మళ్లీ ఎక్కిస్తామన్నారు. 15 సిట్టింగుల్లో పుండు మానుతుందట, షుగర్ కూడా దిగుతుంది కాబట్టి ఇన్సులిన్ తగ్గించుకోవచ్చట. ఒక సిట్టింగ్ అయింది. నల్లగా ఉన్న రక్తం మా కళ్లముందే ఎర్రగా మారింది. అది చూశాక నాన్నకు గట్టి నమ్మకం కుదిరింది. గదిలో మాత్రం ఏదో ఘాటు వాసన వస్తోంది. కొనసాగించమంటారా? నాకు కూడా నడుములో డిస్క్ జారి రెండు నెలలుగా కాలు లాగుతోంది. దానికీ ఓజోన్ ఇంజెక్షన్ ఉందన్నారు. చేయించుకోవచ్చా?

సమాధానం: అమ్మా, ఓజోన్ సంగతి తర్వాత. ముందు రెండు పనులు చెయ్యండి. నాన్నగారి ఇన్సులిన్ ఒక్క యూనిట్ కూడా తగ్గించకండి. ఆ కాలి మీద నడక ఈ రోజే ఆపించండి. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా కాలి ముందుభాగం మీద బరువు పడకుండా వాకర్ పట్టుకుని వెళ్లమనండి. మిగతావన్నీ నింపాదిగా మాట్లాడుకోవచ్చు, ఈ రెండూ వాయిదా వేసేవి కావు.

మీ ఉత్తరంలో నన్ను బాగా కలవరపెట్టిన మాట "నొప్పి లేదంటారు" అన్నది. అరికాల్లో నాలుగు నెలలుగా పుండు ఉండి నొప్పి తెలియడం లేదంటే, షుగర్ వల్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోయిందన్నమాట. మనకు అరికాల్లో చిన్న ముల్లు గుచ్చుకున్నా కాలు దానంతటదే పక్కకు పడుతుంది, రెండు రోజులు కుంటుతాం. ఆ కుంటడమే గాయాన్ని కాపాడుతుంది. స్పర్శ లేని మనిషి కుంటడు. రోజంతా వేసే ప్రతి అడుగూ పుండు మీదే పడుతుంది. రాత్రి విశ్రాంతిలో కొంచెం పూడుకున్న లేత కండ పగటి నడకకు నలిగిపోతుంది. పుండు చుట్టూ గట్టిగా, పసుపు రంగులో చర్మం పేరుకుని ఉందేమో చూడండి. ఉందంటే అక్కడ ఒత్తిడి పడుతూనే ఉందని అర్థం. ఆ గట్టి చర్మాన్ని, చచ్చిన కండను డాక్టర్ బ్లేడుతో తరచూ తీసేస్తూ ఉండాలి, లేకపోతే దాని కిందే పుండు పెరుగుతుంది.

కాబట్టి ఓజోన్ పనిచేస్తుందా అని అడిగే ముందు, ఈ పుండు ఎందుకు మానడం లేదు అని అడగాలి. నాలుగు నెలల్లో ఈ ప్రశ్నకు ఎవరైనా మీకు జవాబు చెప్పారా? మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

నడక వల్ల పడే ఒత్తిడి ఒక కారణం. ఇలాంటి పుండుకు అసలు మందు బరువు తప్పించడమే. మోకాలి కింది దాకా వేసే టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అనే కట్టు ఒకటుంది. తీసి పెట్టుకునే బూట్ల కన్నా అది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే పేషెంటు దాన్ని విప్పలేడు. అయితే కాలికి రక్తం బాగా తగ్గినవాళ్లకు, ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉన్నవాళ్లకు అది వేయకూడదు. అందుకే రక్తప్రసరణ సంగతి ముందు తేల్చుకోవాలి.

రక్తప్రసరణ చూడటానికి మామూలుగా చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూస్తారు. దాన్ని ఏబీఐ అంటారు. 0.9 కన్నా తక్కువుంటే రక్తనాళం ఇరుకైనట్టు. కానీ ఇరవై ఏళ్ల షుగర్ ఉన్నవాళ్లలో ఒక చిక్కుంది. వాళ్ల రక్తనాళాల గోడల్లో కాల్షియం చేరి గట్టిపడిపోతాయి. పట్టీ బిగించినా అవి నొక్కుకోవు. దాంతో బీపీ ఎక్కువ చూపించి, లోపల అడ్డంకి ఉన్నా రిపోర్టు నార్మల్ అని వస్తుంది. అందుకని నాన్నగారికి బొటనవేలి దగ్గరి బీపీ కూడా చూడమని అడగండి. అక్కడి చిన్న నాళాలు అంతగా గట్టిపడవు. ఆ ప్రెషర్ 30 కన్నా తక్కువుంటే ఆలస్యం చేయకుండా రక్తనాళాల డాక్టర్‌కి చూపించాలి. నాళం మూసుకుపోయి ఉంటే బెలూన్‌తో తెరవడమో, బైపాస్ చేయడమో సాధ్యమవుతుందేమో ఆయన చూస్తారు. రక్తమే అందని వేలికి పైనుంచి ఏ గ్యాస్ పెట్టినా, ఏ మందు రాసినా కండ రాదు.

మూడో కారణం లోపల ఎముకకు ఇన్ఫెక్షన్ పాకడం. దీన్ని కనిపెట్టే మొదటి పరీక్ష చాలా చిన్నది. శుభ్రమైన, మొన మొద్దుగా ఉన్న లోహపు పుల్లను డాక్టర్ పుండులోకి మెల్లగా పెట్టి చూస్తారు. చివర గట్టిగా ఎముక తగిలితే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌రే కూడా తీయాలి. అయితే ఎముకలో మార్పు ఎక్స్‌రేలో కనిపించడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, కాబట్టి ఒకసారి బాగుందని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. అవసరమైతే ఎంఆర్ఐ. సరైన చికిత్స మొదలుపెట్టిన నాలుగు వారాలకు పుండు వైశాల్యం సగమైనా తగ్గకపోతే మళ్లీ మొదటి నుంచి కారణం వెతకాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే లెక్క. మీరు నాలుగు నెలల దగ్గరున్నారు.

ఇప్పుడు ఓజోన్. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటాయి, ఓజోన్‌లో మూడు. ఆ కూర్పుకు నిలకడ లేదు. విడిపోతూ, తగిలినదాన్నల్లా ఆక్సీకరణం చేస్తుంది. ఆ గుణం వల్లే క్రిములను చంపుతుంది, నీటిశుద్ధికి పనికొస్తుంది. దీన్ని 1840లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త గుర్తించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో చీముపట్టిన సైనికుల గాయాలకు ఓజోన్ పట్టించారు. యాంటీబయోటిక్స్ లేని కాలం అది. 1940లలో పెన్సిలిన్ విరివిగా దొరికాక దాని అవసరం తగ్గింది. జర్మనీ, ఇటలీ, స్పెయిన్, క్యూబాల్లో మాత్రం కొందరు డాక్టర్లు దాన్ని వదలకుండా కొనసాగించారు, పరిశోధనలూ చేశారు. కాబట్టి ఇది నిన్న మొన్న ఎవరో పుట్టించిన మాయ కాదు. అలాగని రుజువైన వైద్యమూ కాదు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ నిబంధనల్లో ఓజోన్ విషవాయువు అనీ, వైద్యంలో దానికి తెలిసిన ఉపయోగమేదీ లేదనీ ఇప్పటికీ రాసి ఉంది.

క్లినిక్‌లో వాడేది మొత్తం ఓజోన్ కాదు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను యంత్రంలోంచి పంపి కరెంటు ప్రసరింపజేస్తే అందులో 1 నుంచి 5 శాతం ఓజోన్‌గా మారుతుంది, మిగతాదంతా ఆక్సిజనే. మామూలు గాలి వాడితే నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా పుడతాయి, అవి హానికరం. ఓజోన్‌ను సిలిండర్‌లో నింపి దాచుకోవడమూ కుదరదు. మామూలు గది వేడిలో 40 నిమిషాలకల్లా సగం విరిగిపోతుంది. ఎప్పటికప్పుడు తయారుచేయాల్సిందే.

నాన్నగారిని నమ్మించిన ఆ ఎర్రరక్తం గురించి కొంచెం వివరంగా చెబుతాను. సూదితో తీసేది సిర రక్తం. ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ ఇచ్చేసి వచ్చింది కాబట్టి ముదురు రంగులో ఉంటుంది. దాన్ని సీసాలోకి తీసి 95 శాతానికి పైగా ఆక్సిజన్ ఉన్న గ్యాస్ కలిపి కదిపితే హిమోగ్లోబిన్ ఆ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, రక్తం ఎర్రబడుతుంది. ఓజోన్ అసలు లేకుండా ఉత్త ఆక్సిజన్ కలిపినా అలాగే ఎర్రబడుతుంది. మన ఊపిరితిత్తుల్లో ప్రతి శ్వాసకూ జరిగేది ఇదే. అక్కణ్ణుంచి బయటికొచ్చే రక్తంలో హిమోగ్లోబిన్ మామూలుగా 95 శాతానికి పైగా ఆక్సిజన్‌తో నిండే ఉంటుంది. సీసాలోని వంద, రెండొందల మిల్లీలీటర్ల రక్తం ఒంట్లోని ఐదు లీటర్లలో కలిశాక అదనంగా చేరే ఆక్సిజన్ లెక్కలోకి రానంత తక్కువ. ఆ రంగు చూసి చికిత్స పనిచేసిందని అనుకోవద్దు.

ఓజోన్‌ను సమర్థించే శాస్త్రవేత్తలు చెప్పేది కూడా ఆక్సిజన్ నింపడం గురించి కాదు. ఇటలీలోని సియెనాలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన వెలియో బొచ్చి దీని మీద చాలాకాలం శ్రమించాడు. వాళ్ల వివరణ ఇది: రక్తంలో కలిసిన ఓజోన్ క్షణాల్లో మాయమవుతుంది. కొంత యాంటీఆక్సిడెంట్లతో, కొంత కొవ్వు ఆమ్లాలతో చర్య జరిపి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, మరికొన్ని పదార్థాలను మిగులుస్తుంది. ఒంట్లో తిరిగేవి అవే. వ్యాయామం చేస్తే కండకు కొద్దిగా నొప్పి పుట్టి తర్వాత బలం వచ్చినట్టు, ఈ చిన్న దెబ్బకు కణాలు తమ రక్షణ ఎంజైములను పెంచుకుంటాయని వాళ్ల వాదన. ల్యాబ్‌లో దీనికి ఆధారాలున్నాయి, నేను కొట్టిపారేయను. కానీ రక్తపరీక్షలో ఒక ఎంజైము పెరగడం వేరు, మనిషి కాలి పుండు మానడం వేరు. షుగర్ జబ్బును మాన్పి ఇన్సులిన్ మానేలా చేస్తుందనడానికి ఏ ఆధారమూ లేదు. ఆ మాట చెప్పినవాళ్ల మిగతా మాటలను కూడా నేను అనుమానంగానే చూస్తాను.

మరి పుండు మీద నేరుగా పెట్టే గ్యాస్? కాలు తడిపి, ప్లాస్టిక్ సంచి తొడిగి, పిక్క దగ్గర గాలి పోకుండా బిగించి, గ్యాస్ నింపి ఇరవై ముప్పై నిమిషాలు ఉంచుతారు. పైపైన ఉన్న క్రిములు చావడం నిజమే. ఎముకలో దాగినవాటి దాకా అది వెళ్లలేదు. షుగర్ పుండ్లకు ఓజోన్ మీద జరిగిన పరీక్షలను కొక్రేన్ సంస్థ 2015లో ఒకచోట చేర్చి చూసింది. పనికొచ్చేవి మూడే దొరికాయి, అన్నీ కలిపి 212 మంది పేషెంట్లు. పుండు వైశాల్యం కాస్త తగ్గినట్టు కనిపించినా, పూర్తిగా మానడంలో తేడా ఉందని గట్టిగా చెప్పలేమని తేల్చారు. షుగర్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పుండు మానడానికి ఓజోన్ వాడవద్దనే సూచించింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అదే మార్గదర్శకాలు హైపర్‌బేరిక్ ఆక్సిజన్‌ను, అంటే పేషెంటును పెద్ద గదిలాంటి పరికరంలో ఉంచి ఎక్కువ పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే చికిత్సను, కొన్ని రకాల మొండి పుండ్లకు ఆలోచించవచ్చన్నాయి. అది వేరు, ఓజోన్ వేరు. ఒకదాని ఫలితాలు చూపించి ఇంకొకటి చేస్తుంటే గమనించండి.

నా సలహా సూటిగా చెబుతాను. రక్తం తీసి ఎక్కించే పద్ధతి నాన్నగారికి వద్దు. లాభం రుజువు కాలేదు. సీసాలు, గొట్టాలు ఒకరివి ఒకరికి వాడితే కామెర్ల వైరస్‌లు సోకే ప్రమాదం ఉంది, అలా సోకిన సంఘటనలు జరిగాయి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్నవాళ్లకు ఓజోన్ తగిలిన రక్తంలో ఎర్రకణాలు చితికిపోవచ్చు. ఆ పరీక్ష చేయకుండా మొదటి సిట్టింగ్ ఇచ్చి ఉంటే అదే పెద్ద లోపం. థైరాయిడ్ అదుపు తప్పి ఎక్కువైనవాళ్లు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్లు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు. గ్యాస్‌నే నేరుగా రక్తనాళంలోకి ఎక్కించే పద్ధతి మాత్రం ఎవరికీ, ఎప్పుడూ వద్దు. గ్యాస్ బుడగలు ఊపిరితిత్తులకో మెదడుకో చేరి ప్రాణం తీయగలవు. ఓజోన్ వైద్యులే 2010లో మాడ్రిడ్‌లో ఒక ప్రకటన చేసుకుని ఆ పద్ధతిని గట్టిగా వద్దన్నారు. "ఇందులో రిస్కే లేదు" అని చెప్పడానికి జర్మనీలో 1982లో వచ్చిన ఒక సర్వేను చూపిస్తుంటారు. మూడు లక్షలకు పైగా పేషెంట్లలో దుష్ఫలితాలు చాలా అరుదని అందులో ఉంది. ఆ సర్వేకు జవాబులిచ్చింది చికిత్స చేసిన డాక్టర్లే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

గదిలో ఘాటు వాసన అన్నారు. అది తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. పని చేసేచోట గాలిలో ఓజోన్ పది లక్షల్లో 0.1 వంతు దాటకూడదని అమెరికాలో నియమం. కాలి సంచిలో నింపే గ్యాస్ మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాములు అనుకుంటే, అది ఆ హద్దుకు సుమారు 2 లక్షల రెట్లు. సంచి కొంచెం లీకైనా గది గాలి పాడవుతుంది. ఓజోన్ పీలిస్తే ఊపిరితిత్తుల లోపొరకు మంట పుడుతుంది, దగ్గు, ఛాతీ బిగదీయడం వస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం. కాసేపటికి ముక్కు అలవాటు పడి వాసన తెలియకుండా పోతుంది, కానీ గ్యాస్ ఉంటూనే ఉంటుంది. వాడిన గ్యాస్‌ను పీల్చి విరగ్గొట్టే ఏర్పాటు యంత్రానికి ఉండాలి. వాసన వస్తోందంటే ఆ ఏర్పాటు లేదు, లేదా పనిచేయడం లేదు.

సంచి పద్ధతి ఒక్కటైనా చేయించుకుంటానని నాన్నగారు పట్టుబడితే? బరువు తప్పించే కట్టు, రక్తప్రసరణ పరీక్ష, చచ్చిన కండ తీయడం, ఇన్ఫెక్షన్‌కు మందులు, ఇన్సులిన్, ఇవన్నీ నడుస్తూ ఉండగా, పుండు చూస్తున్న డాక్టర్‌కి చెప్పి చేయించుకుంటే నేను గొడవపడను. వీటిలో ఏ ఒక్కదాన్నైనా పక్కనపెట్టి మాత్రం వద్దు. సిట్టింగ్ కోసం ఆ కాలితో నడిచి వెళ్లడం కూడా నష్టమే. షుగర్ పాదంతో వచ్చేవాళ్లలో గ్యాస్ వల్ల దెబ్బతిన్నవాళ్ల కన్నా, "ఇంకో నాలుగు సిట్టింగులు చూద్దాం" అంటూ వారాలు గడిపి ఆలస్యంగా వచ్చినవాళ్లను చూసినప్పుడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది.

ఇక మీ నడుము. చిత్రంగా, ఓజోన్‌కు కాస్త మెరుగైన ఆధారాలు ఉన్నది ఇక్కడే. ఎక్స్‌రే తెరమీద చూస్తూ సన్నని సూదిని డిస్క్ మధ్యలోకి పంపి కొద్ది మిల్లీలీటర్ల గ్యాస్ ఇస్తారు. డిస్క్ లోపలి జిగురు పదార్థాన్ని అది ఆక్సీకరణం చేస్తుంది, అందులోని నీరు తగ్గి డిస్క్ కొద్దిగా కుంచించుకుపోతుంది. నరం మీద ఒత్తిడి సడలడానికి ఆ కొద్దే చాలవచ్చు. 2010లో వచ్చిన ఒక సమీక్ష దాదాపు 8,000 మంది వివరాలు చూసి నొప్పి బాగా తగ్గిందని, ఇబ్బందులు తక్కువని చెప్పింది. అయితే వాటిలో చాలావాటికి పోల్చి చూసే రెండో గుంపు లేదు. 2022లో ఆపరేషన్‌తో నేరుగా పోల్చిన ఒక పరీక్ష వచ్చింది. 49 మందే, కానీ పద్ధతిగా చేసింది. ఓజోన్ తీసుకున్నవాళ్లలో 71 శాతం మంది ఆపరేషన్ లేకుండా గట్టెక్కారు.

మీకు మాత్రం ఇప్పుడే తొందర లేదు. జారిన డిస్క్ వల్ల వచ్చే కాలినొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది, జారిన ముక్క కూడా మెల్లగా కరిగిపోతుంది. మీకు రెండు నెలలైంది. మొదట్లో కన్నా కొంచెమైనా తగ్గుముఖం పడితే నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీతో ఇంకో నెల చూడండి. తగ్గకపోతే ఆపరేషన్‌కు ముందు దీన్ని ఆలోచించవచ్చు. ఎక్స్‌రే తెర, ఆపరేషన్ థియేటర్‌లాంటి శుభ్రత, ఇందులో శిక్షణ ఉన్న డాక్టర్ ఉంటేనే. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా ఓజోన్ మాట మరచిపోయి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సర్జన్ అన్న మాట గురించి నాన్నగారితో ఇలా మాట్లాడి చూడండి. "తీసేయాల్సి రావచ్చు" అంటే తీసేస్తామని కాదు. ఎముక చెడిపోయి మందులకు లొంగనప్పుడు ఒక వేలు తీయడం పాదాన్ని కాపాడటానికే చేస్తారు. రక్తనాళం తెరవగలిగితే, బరువు తప్పిస్తే ఆ అవసరమే రాకపోవచ్చు. ఆయన భయాన్ని కొట్టిపారేయకండి, ఓజోన్‌ను నమ్మినందుకు కోప్పడకండి. పరీక్షలకు ఒక వారం ఒప్పుకోమని మాత్రం అడగండి. ఈలోగా పాదం ఎర్రబడి వాచినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా ఆ వారం కూడా ఆగకూడదు, రాత్రైనా సరే తీసుకెళ్లండి. రిపోర్టులు వచ్చాక బొటనవేలి ప్రెషర్ ఎంతుందో, పుల్లకు ఎముక తగిలిందో లేదో, జీ6పీడీ ఎలా ఉందో నాకు మళ్లీ రాయండి.